స్కాట్లండ్ విద్యార్థుల ‘మీల్ మండే’: ఓట్స్ పిండి కోసం ఇచ్చిన సెలవు

మీ అమ్మాయి ఎడిన్‌బరోలో చదువుతోందనీ, అక్కడ ఒకప్పుడు ఫిబ్రవరిలో ఒక సోమవారం ‘మీల్ మండే’ పేరుతో విశ్వవిద్యాలయానికి సెలవు ఉండేదని ఎవరో చెప్పారనీ రాశారు. ఆ రోజుల్లో పేద విద్యార్థులు నడిచి ఇంటికి వెళ్లి, మిగతా టర్ముకి సరిపడా ఓట్స్ పిండి మూట భుజాన వేసుకొని వచ్చేవారట, ఇది నిజమా, కల్పించి చెప్పుకునే కథా అని మీ ప్రశ్న. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ జరిగే రైజిన్ మండే కూడా ఇదేనా అని అడిగారు.

సెలవు నిజం. పిండి కూడా నిజమే, ఇక్కడ ‘మీల్’ అంటే భోజనం కాదు, ఓట్స్ పిండి. భుజాన మూట అన్న దగ్గరే కొంచెం ఆగి ఆలోచించాలి. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల చరిత్ర చాలాకాలం చదివి, పాఠం చెప్పినవాడిగా నాకు తోచేది ఏమిటంటే, ఈ సెలవును ఒక్క రోజు ముచ్చటగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఆనాటి విశ్వవిద్యాలయం పాఠం మాత్రమే చెప్పేది. పడక గాని, అన్నం గాని దాని బాధ్యత కాదు. కుర్రవాడు తిండి ఇంటి నుంచి తెచ్చుకుంటాడన్న లెక్క మీదే చదువంతా నడిచేది. ఆ లెక్క క్యాలెండర్‌లో పైకి కనబడిన ఒకే ఒక్క చోటు మీల్ మండే.

ముందు రైజిన్ మండే సంగతి తేల్చేద్దాం, అది వేరు. సెయింట్ ఆండ్రూస్‌లో సీనియర్ విద్యార్థులు కొత్తవాళ్లని ‘దత్తత’ తీసుకొని మంచీచెడూ చూస్తారు. అందుకు కృతజ్ఞతగా కొత్తవాళ్లు ఒక పౌను ఎండుద్రాక్ష ఇచ్చేవారు, సీనియర్లు లాటిన్‌లో రసీదు రాసిచ్చేవారు. ఇప్పుడు ఎండుద్రాక్ష స్థానంలో వైన్ సీసా వచ్చింది, ఆ సోమవారం పొద్దున షేవింగ్ నురగ చల్లుకుంటూ ఆడుకుంటారు. అది శరదృతువులో జరిగే పండుగ. మీల్ మండే చలికాలం నడిమధ్య వచ్చేది, ఆకలికి సంబంధించినది. రెండూ సోమవారాలే కావడంతో చాలామంది కలిపేస్తుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్కాట్లండ్‌లో పాత విశ్వవిద్యాలయాలు నాలుగు: సెయింట్ ఆండ్రూస్ (1413), గ్లాస్గో (1451), అబెర్డీన్ (1495), ఎడిన్‌బరో (1582). ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదువు ఏడాదికి మూడు చిన్న టర్ములుగా నడిచేది. స్కాట్లండ్‌లో 19వ శతాబ్దం చివరిదాకా కూడా ఆర్ట్స్ విద్యార్థికి ప్రధానంగా ఒకటే పొడవాటి సెషన్. అక్టోబరు ఆఖర్లోనో నవంబరు మొదట్లోనో మొదలై ఏప్రిల్ దాకా సాగేది. తర్వాత దాదాపు ఆరు నెలలు ఖాళీ. ఆ ఆరు నెలలూ విత్తనం నుంచి కోత దాకా పొలం పని ఉండే కాలం. కుర్రవాడు ఇంటికి వెళ్లి తండ్రితో పాటు పొలంలో దిగేవాడు, లేదా పల్లె బడిలో పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు వెనకేసుకునేవాడు. కోత ముగిసి కొత్త పంట ఇంటికి చేరాక మళ్లీ పట్నం బయల్దేరేవాడు.

ఈ అయిదారు నెలల సెషన్ మధ్యలో ఇంటికి వెళ్లే అవకాశం చాలా తక్కువ. క్రిస్మస్ సెలవులు ఉండవా అని మీకు అనిపించవచ్చు. మతసంస్కరణ తర్వాత స్కాట్లండ్ చర్చి క్రిస్మస్‌ని బైబిల్లో లేని ఆచారం అని పక్కన పెట్టేసింది. 1640లో పార్లమెంటు చట్టం చేసి మరీ ఆ సెలవుని రద్దు చేసింది. స్కాట్లండ్‌లో క్రిస్మస్ మళ్లీ ప్రభుత్వ సెలవు అయింది 1958లోనే. కొత్త సంవత్సరానికి కొద్దిరోజులు వదిలేవారు గానీ, జనవరి మొదట్లో చీకటి, మంచు, బురద రోడ్లు. దాంతో ఫిబ్రవరిలో వచ్చే ఆ సోమవారానికి అంత విలువ.

సోమవారమే ఎందుకు? దీనికి నా సమాధానం దూరాల లెక్క. ఆదివారం నాడు ప్రయాణం చేయడం, బరువులు మోయడం ప్రెస్బిటీరియన్ సమాజంలో, అంటే స్కాట్లండ్ ప్రొటెస్టెంటు చర్చి వాళ్లలో, తప్పు. శనివారం నడిచి ఇల్లు చేరాలి, ఆదివారం చర్చికి వెళ్లి ఇంట్లో ఉండాలి, తిరుగు ప్రయాణానికి ఇంకో పగలు కావాలి. సోమవారం సెలవు ఇస్తేనే అది కుదురుతుంది. పుష్టిగా ఉన్న కుర్రవాడు రోజుకి 20, 25 మైళ్లు నడవగలడు. అంటే ఈ సెలవు ఆ పరిధిలో ఊరున్నవాళ్లకే పనికొచ్చేది. ఉత్తరాన హైలాండ్స్ కొండల్లో ఇల్లున్నవాడికి ఒక సోమవారంతో ఏ ప్రయోజనమూ లేదు. వాడు నవంబరులో వచ్చాడంటే ఏప్రిల్‌లోనే వెళ్లేది.

విద్యార్థులు ఉండేది ఎక్కడ? తొలి శతాబ్దాల్లో కాలేజీ గదుల్లోనే ఉండి, ఉమ్మడి పంక్తిలో తినేవారు. తర్వాత్తర్వాత ఆ పద్ధతి కనుమరుగైంది. 19వ శతాబ్దం వచ్చేసరికి దాదాపు అందరూ పట్నంలో అద్దె గదుల్లోనే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది తీసుకొని, ఇంటావిడకి వారం వారం అద్దె కట్టేవారు. విద్యార్థి తెచ్చుకున్న పిండిని ఆమె వండిపెట్టేది, లేదా తన పొయ్యి మీద నీళ్లు కాచుకోనిచ్చేది.

ఆ గదులు ఎలా ఉండేవో డేవిడ్ లివింగ్‌స్టన్ కథలో కనబడుతుంది. తర్వాత ఆఫ్రికా యాత్రలతో ప్రపంచానికి తెలిసిన ఈయన, గ్లాస్గోకి 8 మైళ్ల దూరంలోని బ్లాంటైర్ నూలుమిల్లులో పదేళ్ల వయసు నుంచీ పనిచేశాడు. 1836లో వైద్యం, గ్రీకు చదువుకోడానికి గ్లాస్గో బయల్దేరాడు. మంచులో తండ్రితో కలిసి నడిచి వెళ్లి, గది కోసం తిరిగి తిరిగి, చివరికి రాటన్‌రో అనే వీధిలో వారానికి 2 షిల్లింగుల గది దొరికించుకున్నాడు. కొద్ది రోజులకే తను తెచ్చుకున్న టీ ఆకు, చక్కెర మాయమవుతుండటం గమనించాడు. వారానికి రెండున్నర షిల్లింగులిచ్చి హై స్ట్రీట్‌లో ఇంకో గదికి మారాడు. ఒక కుర్రవాడికి చిటికెడు టీ ఆకు పోవడం ఇల్లు మారేంత పెద్ద విషయం అయిందంటే, ఆ బతుకులో సరుకు విలువ ఎంతో ఆలోచించండి. చదువుకి కావలసిన డబ్బు వేసవిలో మళ్లీ మిల్లులో పనిచేసి సంపాదించుకున్నాడు.

ఇప్పుడు పిండి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ ‘ఓట్‌మీల్’ అంటే సూపర్ మార్కెట్‌లో దొరికే పల్చటి అటుకుల్లాంటి ఓట్స్ అనుకుంటారు. అవి ఆవిరి పట్టి రోలర్ల కింద నొక్కినవి, తర్వాతి కాలం సరుకు. ఆనాటిది రాతి తిరగలి కింద విసిరిన గరుకు పిండి. స్కాట్లండ్ చలికి, తడికి గోధుమ సరిగా పండదు. ఓట్స్ పండుతుంది. ఐతే ఓట్స్‌లో కొవ్వు శాతం ఎక్కువ, పచ్చి గింజ విసిరితే పిండి త్వరగా చేదెక్కుతుంది. అందుకే మిల్లులో ముందు గింజల్ని బట్టీ మీద ఆరబెట్టి, వేయించినంత పని చేసి, పొట్టు తీసి, అప్పుడు విసిరేవారు. ఇంటికి తెచ్చాక పిండిని ‘కిస్ట్’ అనే చెక్క పెట్టెలో పోసి, గాలి చొరబడకుండా గట్టిగా కూరేవారు. పిల్లల కాళ్లు శుభ్రంగా కడిగి, పెట్టెలో దింపి తొక్కించడం కూడా ఉండేది. అలా దట్టించిన పిండి నెలల తరబడి పాడవదు. అద్దె గదిలో మంచం కింద పెట్టుకోడానికి ఇంతకంటే అనువైన తిండి లేదు.

వండటం కూడా తేలిక. ‘బ్రోస్’ అని ఒకటి ఉంది, నా దృష్టిలో విద్యార్థి వంటకం అంటే ఇదే. చెక్క గిన్నెలో రెండు గుప్పెళ్ల పిండి, చిటికెడు ఉప్పు వేసి, దాని మీద సలసలా మరిగే నీళ్లు పోసి, చెంచా కాడతో కలపాలి. అంతే. పొయ్యి మీద పెట్టే పని లేదు, కాబట్టి బొగ్గు ఖర్చూ తక్కువ. మన సంకటిలాగా గట్టిగా, లోపల పొడి ఉండలతో ఉంటుంది. ఆ ఉండలు ఉండాల్సిందే అని అక్కడి పెద్దవాళ్లు పట్టుబడతారు. వెన్న ఉంటే కొంచెం వెన్న, పాలు ఉంటే పక్కన గిన్నెలో పాలు. కొంచెం తీరిక ఉంటే పారిజ్, అంటే ఓట్స్ జావ, కాచుకునేవారు. ఇంటి దగ్గర అమ్మ పెనం మీద కాల్చి ఇచ్చిన ఓట్‌కేకులు గట్టి అప్పాల్లా చాలా రోజులు నిలవ ఉండేవి.

భుజాన మూట దగ్గర ఆగాలి అన్నానుగా, ఆ లెక్క చూడండి. ఆ రోజుల్లో పొలం పనివాళ్లకి జీతంలో భాగంగా పిండి కొలిచి ఇచ్చేవారు. ఒంటరి మగ పనివాడికి ఏడాదికి ఆరున్నర ‘బోల్‌’లు అనేది బాగా వాడుకలో ఉన్న కొలత. ఒక బోల్ 140 పౌన్లు, అంటే సుమారు 63 కిలోలు. వారానికి లెక్కేస్తే దాదాపు 8 కిలోల పిండి. రోజంతా నాగలి వెనక నడిచేవాడి తిండి అది. పుస్తకాల ముందు కూర్చునేవాడికి అందులో సగం చాలనుకుందాం, వారానికి 4 కిలోలు. ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా పది వారాలు. 40 కిలోలు! పదిహేనేళ్ల కుర్రవాడు 40 కిలోలు మోసుకుంటూ ఫిబ్రవరి బురదలో ఒక్క పగట్లో 20 మైళ్లు నడవడం జరిగే పని కాదు. కొంత పిండి నెత్తినో భుజానో తెచ్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు. టర్ముకి సరిపడా సరుకు రావాలంటే మాత్రం బండి కావలసిందే.

అందుకే ఈ సెలవు గురించి రెండో కథ ఒకటి వినబడుతుంది. అందులో కొడుకు వెళ్లడు, తండ్రే పిండి బస్తా తీసుకొని పట్నం వస్తాడు. నాకు ఇది ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది. రైతు బండి కట్టుకొని వచ్చి, సంతలో తన పనీ చూసుకొని, కొడుకు గదిలో బస్తా దింపి, ఇంటావిడని పలకరించి వెళ్లడం చాలా సహజం. రెండు కథలూ పక్కపక్కనే నడిచి ఉంటాయి, ఊరి దూరాన్ని బట్టి, ఇంట్లో గుర్రం ఉందా లేదా అన్నదాన్ని బట్టి.

ఏడాది పొడవునా ఈ పని చేసిపెట్టింది మాత్రం ‘క్యారియర్’లు. ఊరికీ పట్నానికీ మధ్య వారం వారం గుర్రపు బండి తోలే మనుషులు వీళ్లు. రచయిత థామస్ కార్లైల్ ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1809 నవంబరులో, ఇంకా 14 నిండకుండానే, ఇంగ్లండ్ సరిహద్దు దగ్గరి ఎకిల్‌ఫెకన్ అనే ఊరి నుంచి సుమారు 100 మైళ్లు నడిచి ఎడిన్‌బరో చేరాడు. అమ్మానాన్నలు ఊరి పొలిమేర దాకా వచ్చి సాగనంపారు. తండ్రి తాపీమేస్త్రీ. ఆ తర్వాత ఇంటి నుంచి తిండి వచ్చింది క్యారియర్ బండి మీదే: ఓట్స్ పిండి, బంగాళాదుంపలు, ఉప్పేసిన వెన్న, అప్పుడప్పుడూ కొన్ని గుడ్లు. అదే బండి తిరిగి వెళ్లేటప్పుడు మాసిన బట్టల మూట తీసుకెళ్లేది. అమ్మ ఉతికి, చిరుగులు కుట్టి మళ్లీ పంపేది. ఉత్తరాలూ ఆ పెట్టెలోనే. అలా చదివిన కుర్రవాణ్ణే 1865లో ఎడిన్‌బరో విద్యార్థులు తమ రెక్టరుగా, అంటే విద్యార్థులు ఎన్నుకునే గౌరవ పదవికి, ఎన్నుకున్నారు.

ఇలాంటి కుర్రవాడిని స్కాట్లండ్‌లో ‘లాడ్ ఓ పెయిర్ట్స్’ అంటారు, అంటే తెలివితేటలున్న పేదింటి పిల్లవాడు. 1696 చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రతి ప్రాంతంలోనూ, ఒక బడి, ఒక పంతులు ఉండాలి, ఖర్చు భూస్వాములు భరించాలి. ఆ పంతులు లాటిన్ కూడా చెప్పగలిగేవాడైతే, ఊళ్లోంచి నేరుగా 14, 15 ఏళ్లకే విశ్వవిద్యాలయానికి పంపేవాడు. అబెర్డీన్‌లో స్కాలర్‌షిప్పుల కోసం పెట్టే లాటిన్ పోటీ పరీక్షకి ఈశాన్య జిల్లాల పల్లెలన్నీ ఎదురుచూసేవి. ఫీజులు కూడా భరించలేనంత ఎక్కువేం కావు. 19వ శతాబ్దంలో ఒక్కో క్లాసుకి సుమారు మూడు గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు) ప్రొఫెసర్ చేతికే ఇచ్చి టికెట్ తీసుకునేవారు. ఇంగ్లండ్‌తో పోలిస్తే ఇది చాలా చవక.

ఐనా ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తరగతి నిండా పిండి మూటల కుర్రవాళ్లే ఉండేవారని అనుకోకండి. పాస్టర్ల కొడుకులు, లాయర్ల కొడుకులు, వ్యాపారుల కొడుకులు చాలామంది. పట్నంలోనే ఇల్లున్నవాళ్లకి మీల్ మండే ఉత్త సెలవు రోజే. మన రాయలసీమవాళ్లకి బాగా తెలిసిన థామస్ మన్రో అలాంటివాడే. 1761లో గ్లాస్గోలో వ్యాపారి ఇంట పుట్టి, ఊళ్లోని విశ్వవిద్యాలయంలోనే చదివాడు. తర్వాత దత్తమండలాల్లో కలెక్టరై, రైత్వారీ పద్ధతి నడిపి, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. అతనికి తిండి కోసం ఊరి నుంచి బండి రావలసిన అవసరమే లేదు. ఇంకో సంగతి, ఈ కథలన్నింటిలోనూ అబ్బాయిలే ఉంటారు. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాలు అమ్మాయిల్ని డిగ్రీలకి చేర్చుకున్నది 1892 నుంచే. అప్పటిదాకా చెల్లెళ్లు, అమ్మలు చేసింది పిండి దట్టించడం, ఓట్‌కేకులు కాల్చడం, బట్టలు ఉతకడం. ఆ కుర్రవాళ్ల డిగ్రీల్లో వాళ్ల కష్టం చాలా ఉంది. పుస్తకాలు దాన్ని అంతగా పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈ సెలవు ఎందుకు పోయింది అన్నదానికి ఒకే కారణం లేదు. మొదట రైలు వచ్చింది. ఎడిన్‌బరో–గ్లాస్గో లైను 1842లో మొదలైంది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో చాలా జిల్లాలకి పట్టాలు చేరాయి. పెట్టె ఎప్పుడైనా రైల్లో వేయొచ్చు, ప్రత్యేకంగా ఒక రోజు అక్కర్లేదు. తర్వాత డబ్బు. 1901లో ఆండ్రూ కార్నెగీ స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల కోసం కోటి డాలర్ల ట్రస్టు పెట్టాడు. డన్‌ఫర్మ్‌లిన్‌లో చేనేత కార్మికుడి కొడుకుగా పుట్టి, 1848లో కుటుంబంతో అమెరికా వెళ్లి, అక్కడ ఉక్కు పరిశ్రమలో కోట్లు గడించినవాడు. ఆ ట్రస్టు రాబడిలో సగం స్కాట్లండ్ విద్యార్థుల ఫీజులకి. ఫీజు భారం తగ్గితే, ఇంటి డబ్బు తిండికి మిగులుతుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మూడు టర్ముల పద్ధతి వచ్చి, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ సెలవులు స్థిరపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ గ్రాంట్లు వచ్చాయి.

హాస్టళ్లూ మొదలయ్యాయి. ఎడిన్‌బరోలో మొదటి విద్యార్థి నివాసాన్ని 1887లో తెరిచినవాడు ప్యాట్రిక్ గెడ్డెస్. పాతబస్తీ ఇళ్లు బాగుచేయించి, విద్యార్థులే నడుపుకునేలా ఏర్పాటు చేశాడు. ఈయన పేరు హైదరాబాదులో కూడా వినబడాలి. తర్వాత భారతదేశం వచ్చి పట్టణ ప్రణాళికలు వేసినవాడు ఈయనే. 1920ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎక్కడ, ఎలా ఉండాలన్నదాని మీద నిజాం ప్రభుత్వం ఆయన సలహా తీసుకుంది. చదువుకునే పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు అన్నది విశ్వవిద్యాలయం పట్టించుకోవలసిన విషయమే అని స్కాట్లండ్‌లో మొదట పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకరు. మీల్ మండే నడిచిన కాలానికీ ఇప్పటికీ తేడా అక్కడే ఉంది.

ఐతే అవసరం తీరినా పేరు వెంటనే పోలేదు. 20వ శతాబ్దంలోకి వచ్చాక కూడా ఫిబ్రవరి సెలవుని మీల్ మండే అనే పిలిచారు. ఇంటి నుంచి బస్తా రావాల్సిన పనిలేని విద్యార్థులు కూడా ఆ రోజు హాయిగా సెలవు అనుభవించారు.

మీ అమ్మాయి కాలేజీ పత్రికకి వ్యాసం రాస్తోందన్నారు కదా, ఆమెకి నా సలహా ఒకటే. ఇంటర్నెట్‌లో తిరిగే కథల మీద ఆధారపడకుండా, లైబ్రరీలో పాత విశ్వవిద్యాలయ క్యాలెండర్లు అడిగి తీయించుకోమనండి. ఏటా అచ్చువేసిన పుస్తకాలు అవి, సెషన్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ రోజు సెలవు అన్నది తారీఖులతో ఉంటుంది. ఒక్కో దశాబ్దానికి ఒక సంపుటం తీసి ఫిబ్రవరి పేజీ చూస్తే, ఎడిన్‌బరోలో ఈ సెలవు ఏ ఏడాది ఏ తారీఖున పడిందో, ఎప్పుడు పేరు మారిందో, ఎప్పుడు మాయమైందో ఆమే స్వయంగా రాయగలుగుతుంది. దాంతో పాటు ఆ కాలపు విద్యార్థుల ఉత్తరాలు, ఖర్చుల పద్దు పుస్తకాలు ఆర్కైవ్స్‌లో ఏమున్నాయో అడగమనండి. పద్దులో ఓట్స్ పిండి కొన్నట్టు లేకుండా టీ, కొవ్వొత్తులు, బొగ్గు మాత్రమే కనబడితే, ఆ పిల్లవాడికి పిండి ఇంటి నుంచి వచ్చిందని అనుకోవచ్చు.